ఈతకోన నీళ్లు

“నీళ్లేవప్పా?”

గురప్ప అడిగింది ఒక్క ముక్కే. జవాబు కోసం మురుగేష్ బండకేసి చూశాడు. ఎదురుగా ఈతకోన బండ నిలువునా ఎండిపోయి ఉంది. జలపాతం ఉండాల్సిన చోట తొండ ఒకటి తల ఆడిస్తూ ఎండ కాచుకుంటోంది.

పోయిన వారం పెళ్లిచూపుల్లో, మహిత తన వంక ఓరగా చూసిందన్న హుషారులో, “మా ఊరి కోనలో జలపాతం ఏడాది పొడుగునా దూకుతుంది” అని కోతలు కోసేశాడు. నిజానికి అది వానలు పడ్డ నాలుగు రోజులు దూకి, మిగతా ఏడాదంతా సెలవులో ఉండే జలపాతం. నగరిలో మగ్గం మీద బతికే ఆమె తండ్రి గురప్ప ఆ మాట పట్టుకున్నాడు. తిరుమలలో దర్శనం ముగించుకుని, కూతురిని వెంటబెట్టుకుని నేరుగా ఇక్కడికే వచ్చేశాడు.

“వస్తాయి మామా. పదకొండుకు వస్తాయి,” అన్నాడు మురుగేష్. సంబంధం ఖాయం కాకముందే మామా అనడం అతనికి అలవాటైపోయింది.

“టయానికి వచ్చేదానికి అదేమన్నా తిరుపతి బస్సా?”

మహిత చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. గురప్ప నవ్వలేదు.

“సూడప్పా. లాడ్జిలో నీ జీతమెంతని నేను అడగలా. ఇల్లూ వాకిలీ అడగలా. మాట సూసి పిల్లనిచ్చేవాణ్ణి నేను. నీళ్లు వస్తే సరి. రాకుంటే మేము రైలెక్కి పోతాం. ఇంగ ఫోను చెయ్యాకు.”

మురుగేష్ నుదురు తుడుచుకున్నాడు. అతని ప్రాణమంతా ఇప్పుడు స్నేహితుడు మునికృష్ణ చేతిలో ఉంది. మునికృష్ణకు నీళ్ల ట్యాంకరు ఉంది. కొండమీది గుడికి పోయే మట్టిరోడ్డు సరిగ్గా ఈ బండ నెత్తి మీదుగా వెళ్తుంది. అక్కడ ట్యాంకరు ఆపి, పదకొండింటికి నీళ్లు వదిలేయాలన్నది ఒప్పందం. కోనలో సెల్లుకు సిగ్నలు లేదు, మునికృష్ణను తొందరపెట్టే దారీ లేదు.

పదకొండయింది. ఐదు నిమిషాలు దాటింది. పది దాటింది. గురప్ప లేచి పంచె దులుపుకున్నాడు.

“పదమ్మా, పోదాం.”

అప్పుడు బండ నెత్తిన తడి మెరిసింది. సన్నటి ధార ఒకటి వంకర్లు తిరుగుతూ కిందికి దిగింది. దాని వెనకే ఇంకొకటి. చూస్తుండగానే రెండూ కలిసిపోయి, బండ అంచు మీది నుంచి తెల్లగా గుండంలోకి దూకాయి. తొండ పరుగు లంకించుకుంది.

“నాయనా, సూడు!” మహిత కేక కోనంతా మోగింది.

మురుగేష్ లోలోపలే మునికృష్ణకు దండం పెట్టుకున్నాడు. ఆ సంబరం గురప్పను చూసేదాకే నిలిచింది. ఆయన చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. దోసిలి పట్టి కళ్లకద్దుకున్నాడు. నెత్తిన చల్లుకున్నాడు. “ఏడుకొండలోడి కొండల్లోంచి వస్తా ఉండాది. ఎన్ని మూలికలు తగిలిన నీళ్లో!” అంటూ మూడు గుక్కలు తాగాడు. సంచిలోంచి సీసా తీసి, “మీ యమ్మకు మోకాళ్ల నొప్పులు గదమ్మా” అని నింపుకున్నాడు. చివరికి మురుగేష్ భుజం తట్టి, “మాట నిలబెట్టుకున్నావప్పా. ముహూర్తం పెట్టిస్తా” అన్నాడు. ఆ పెద్దాయన కళ్లు చెమర్చాయి.

ఊరి బయట బోరింగులో పట్టిన నీళ్లను ఆయన తీర్థంలా తాగాడు. రేపు ఆ సీసా ఇంటికి పోయి ఇంకొకరి మోకాళ్లకు మందవుతుంది. మురుగేష్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

తిరుగుదారిలో గురప్ప సీసా పట్టుకుని ముందు నడుస్తుంటే, మురుగేష్ మహిత పక్కకు వచ్చాడు.

“ఒక మాట చెప్పాల. అది జలపాతం కాదు.”

“మరి?”

“ట్యాంకరు నీళ్లు. మా మునికృష్ణ పైనుంచి వదిలినాడు. వానలు లేకుంటే ఈడ సుక్క నీళ్లుండవు. ఆ పొద్దు మీ ముందర గొప్పలు పోయినా. మీ నాయనకు నేనే చెప్పేస్తా. ఆ సీసా మాత్రం మీ అమ్మకు ఇయ్యొద్దు.”

మహిత నిలబడిపోయింది. కోపం తెచ్చుకోవాలని చూసింది గాని నవ్వే ముందొచ్చింది.

“నాకోసం ట్యాంకరు తెప్పించినారా?”

“అవును.”

“నాయన ముహూర్తం అన్నాక గమ్మునుండొచ్చు గదా. ఎవురికి తెలుస్తాది?”

“ఆయన ఆ నీళ్లు కళ్లకద్దుకునె. ఇంగ గమ్మునుండేది నా వల్ల కాలేదు.”

మహిత అతని ముఖంలోకి చూసింది. అతను ఆమెకు నచ్చింది పోయిన వారం. నమ్మకం కుదిరింది మాత్రం ఇప్పుడే.

“నాయనకు నేను మెల్లగా చెప్తాలే. మీరు ముహూర్తం సంగతి సూసుకోండి,” అంది.

మురుగేష్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది. రోడ్డు ఎక్కగానే సిగ్నలు తగిలి ఫోను మోగింది. మునికృష్ణ.

“స్పీకరు పెట్టండి. ఆయనకు నేను కూడా థాంక్సు చెప్పాల,” అంది మహిత.

“రేయ్ మురుగేషా, తిట్టాకురా!” మునికృష్ణ ఏడుపొక్కటే తక్కువ. “పైన పది గంటల కాడ్నుంచి ఒకటే వాన. రోడ్డు కోసుకుపోయినాది. ట్యాంకరు ఇంకా కొండ కిందనే ఉండాది, నిండా నీళ్లతో!”