ఎవరికీ చెప్పని చోటు

“సముద్రం పోటు సంగతి చెప్పావా, లేదా?” హోటల్ వ్యాను డ్రైవరు రెండోసారి అడిగాడు.

రిసెప్షనిస్టు మళ్ళీ ఫోను చెవికి ఆనించుకున్నాడు. పై అంతస్తు గదిలో దిగిన ముగ్గురిలో ఒక్కరూ ఫోను ఎత్తడం లేదు.

“చెప్పే ఉంటాను.”

“ఉంటానేమిటి బావా? చెప్పావా?”

చెప్పలేదు. పొద్దున్న జరిగిందంతా అతనికి కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. కూతుర్నీ అల్లుణ్ణీ వెంటేసుకుని కిందికి దిగిన పెద్దావిడ కౌంటరు మీద మోచేతులు పెట్టి, “లైట్‌హౌసు, మ్యూజియం, చేపల రేవు... ఇవన్నీ అందరూ చెప్పేవే కదా బాబూ. నీ సొంత మనిషి ఊరికొస్తే ఎక్కడికి తీసుకెళ్తావో అది చెప్పు,” అంది.

సొంత మనిషి! ఏళ్ల తరబడి వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ తాళంచెవులు అందించడమే తప్ప ఎవరికీ ఏమీ కాని మనిషి, ఆ ఒక్క మాటకి కరిగిపోయాడు. గొంతు తగ్గించి, లైట్‌హౌసు వెనక కొండ అంచునే సాగే ఇసుకబాట గురించి చెప్పాడు. మలుపు తిరిగితే గవ్వలు పరిచినట్టుండే చిన్న తీరం. మూడు పక్కలా నిట్టనిలువు రాయి, ఎదురుగా సముద్రం. “ఇది నేనెవరికీ చెప్పనమ్మా,” అన్నాడు. అతను చెబుతున్నకొద్దీ ఆవిడ కళ్ళు వెలిగాయి.

మధ్యాహ్నం పోటొస్తే ఆ బాట మునిగిపోతుంది, వెనక్కి రావడానికి ఇంకో దారి లేదు, ఆలోపే వచ్చేయండి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పైకి అంటే ఆ కళ్ళలో వెలుగు కాస్తా ఆరిపోతుందేమోననిపించింది. గుమ్మం దాటేటప్పుడు చెబుదాంలే అనుకున్నాడు. గుమ్మం దగ్గర ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, “చల్లగా ఉండు నాయనా,” అంది. దీవిస్తున్న మనిషికి పోటు గురించి ఎలా చెప్పడం?

“లే, వ్యానెక్కు,” అన్నాడు డ్రైవరు.

దారిలో రిసెప్షనిస్టు అడిగాడు, “నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?”

“వచ్చేటప్పుడు చూశాను. పడవలు కట్టే మెట్లు కనపడ్డం లేదు.”

“ఇంకాస్త తొందరగా పోనీ.”

“ఇది వ్యాను బావా, విమానం కాదు.”

అతను కిటికీలోంచి సముద్రం వైపు చూడలేకపోయాడు. పెదాలు వాటంతటవే కదులుతున్నాయి. ఏమిటా అని తనే విన్నాడు. ‘నేను చెప్పానండీ, వాళ్ళే వినిపించుకోలేదు.’ రేపు ఎవరో వచ్చి నిలదీసినప్పుడు చెప్పాల్సిన సమాధానం అది. వాళ్ళు బతికున్నారో లేదో తెలియకముందే అబద్ధానికి ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అరచేత్తో నోరు మూసుకున్నాడు.

లైట్‌హౌసు దగ్గర వ్యాను ఆగీ ఆగకముందే దూకేశాడు. చుట్టుపక్కల ఏముందో చూడకుండా మెట్ల మీదుగా కిందికి పరిగెత్తాడు. ఇసుకబాట లేదు. అది ఉండాల్సిన చోట ఆకుపచ్చటి నీళ్ళు కొండని బాదుతున్నాయి.

“అమ్మగారూ!” అని అరిచాడు. అల ఆ కేకని మింగేసింది. బూట్లు విప్పి పారేసి నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళు మునిగాయి. ఇంకో అడుగుకి నడుము.

వెనకనుంచి డ్రైవరు అతని చొక్కా కాలరు దొరకబుచ్చుకున్నాడు. “నీకసలు ఈతొచ్చా?”

“వదులు!”

“నిన్ను కూడా వెతుక్కోమంటావా? నా వల్ల కాదు!”

ఇద్దరూ పెనుగులాడుతుండగా పైనుంచి ఓ గొంతు వినిపించింది. “ఏం బాబూ, స్నానానికొచ్చావా?”

అతను తలెత్తాడు. మెట్ల పైన పిట్టగోడ మీద తీరిగ్గా కూచుని ఉంది పెద్దావిడ. కూతురు గొడుగు పట్టింది. అల్లుడు వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

మెట్లెలా ఎక్కాడో అతనికి తెలియదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, “మీరు... వెళ్ళలేదా?” అన్నాడు.

“ఎక్కడ బాబూ! నాలుగు మెట్లు దిగేసరికి నా మోకాలు మొరాయించింది. అత్తగారి పుణ్యాన షికారు చెడిందని అల్లుడు మొహం మాడ్చుకున్నాడు.”

“నేనెప్పుడు మాడ్చుకున్నానండీ!” అన్నాడు అల్లుడు నోట్లో గింజలతో. “ఫోన్లు కూడా మీ మాట వినే గదిలో వదిలేశాను కదా.”

“అవును మరి. లేకపోతే షికారుకొచ్చి కూడా దాంట్లోనే తల దూరుస్తాడు.”

అతను పిట్టగోడకి ఆనుకుని కూలబడ్డాడు. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియడం లేదు. ఎండ మళ్ళీ ఎండలా, గాలి మళ్ళీ గాలిలా ఉన్నాయి. పొద్దున మింగిన మాట గొంతులోంచి కిందికి జారిపోయింది. ఇక దాన్ని ఎవరికీ చెప్పక్కర్లేదు. పక్కన డ్రైవరు ప్యాంటు పిండుకుంటూ తిడుతున్నాడు. ఆ తిట్లు కూడా చెవికి ఇంపుగానే ఉన్నాయి.

పెద్దావిడ అతని తడి బట్టలకేసి చూసి నొచ్చుకుంది.

“నువ్వంత ప్రేమగా చెప్పిన చోటు మేం చూడలేదని చిన్నబుచ్చుకోకు నాయనా. నీ మాట వృథా పోలేదులే. అదిగో, ఆ చెట్టు కింద ఖాళీ బస్సు చూశావా? ఇందాక అందులో వచ్చినవాళ్ళు ఊళ్ళో ఏం చూడాలో తెలియక పిల్లాపాపలతో దిక్కులు చూస్తుంటే, వాళ్ళందర్నీ నేనే అటు పంపించాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాను.”