తల పట్టని స్వెట్‌షర్ట్

"అమ్మా, తల దూరడం లేదు!"

కొత్త స్వెట్‌షర్ట్ లోపల్నించి కూతురు అరిచింది. చేతులు రెండూ పైకి లేచి ఇరుక్కుపోయాయి. తల ఉండాల్సిన చోట బూడిదరంగు మెత్తటి గుడ్డ ముద్దలా కదులుతోంది.

"లాగకే! కుట్లన్నీ ఊడొస్తాయి. వారం రోజులు నడుం విరగ్గొట్టుకున్నా దానికోసం," అంటూ కుట్టుమిషన్ ముందునించి లేచింది తల్లి.

"కొలతలు చూసుకోవా మరి?"

"ఆ ప్యాటర్న్ కాగితం మీద అన్ని సైజుల గీతలూ ఒకదాని పక్కన ఒకటి గీసి చచ్చాడు మహానుభావుడు. మెడ దగ్గర ఏ చంటిపిల్ల గీతో పట్టుకుని కత్తిరించానేమో. ఊపిరాడుతోందా?"

"ఆడుతోందిలే."

"అయితే కదలకుండా కూర్చో. కత్తెర ఎక్కడ పెట్టానో చూస్తా."

కింద వీధిలో ఆటో హారన్ మోగింది. వెనకే తండ్రి కేక. "ఇంకా ఎంతసేపే? పెట్టె ఎక్కించేశా! బస్సు తప్పిపోతుంది!"

"పిల్ల ఇరుక్కుందండీ! వస్తున్నాం!"

సెలవులకి హాస్టల్ నించి వచ్చినప్పట్నించీ పిల్ల ముభావంగానే ఉంది. ఏమడిగినా "ఏం లేదు" అనడం, మొహం పక్కకి తిప్పేసుకోవడం. చిన్నప్పుడైతే అమ్మ కొంగులో మొహం దాచుకుని అన్నీ చెప్పేసేది.

తల్లి సొరుగు లాగింది. మూసింది. ఇంకోటి లాగింది.

"లోపల వెచ్చగా ఉందా?"

"ఊఁ."

"హాస్టల్లో చలి అన్నావుగా, అందుకే మందం గుడ్డ తెచ్చా. దుప్పటి చాలడం లేదా?"

గుడ్డ ముద్ద కిందికి వాలింది.

"దుప్పటి ఉంచరమ్మా."

సొరుగు చప్పుడు ఆగిపోయింది. "ఎవరు?"

"గదిలో వాళ్ళు. లైటు ఆర్పగానే లాగేసుకుంటారు. ఏడిస్తే నవ్వుతారు. వార్డెన్‌కి చెప్పానని బాత్రూములోకి తోసి బయట గడియ పెట్టేశారు. నాన్న ఎంతమంది చుట్టూ తిరిగి ఆ సీటు సంపాదించారు! నేనెలా చెప్పను? నన్ను పంపకమ్మా..."

తల్లి వచ్చి ఆ ముద్దని అలాగే గుండెలకి హత్తుకుంది.

"పంపను."

"నిజంగా?"

"ఒట్టు."

"మరి నాన్న?"

తండ్రి అప్పటికే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పెట్టె దించేస్తా తల్లీ. సీటు పోతే పోయింది, వెధవ సీటు! ఇక్కడి బళ్ళో చేరుదువుగాని. రేపు ఆ వార్డెన్ సంగతి నేను చూస్తా."

లోపల్నించి భోరుమని ఏడుపు వచ్చింది. కాసేపటికి ఆ ఏడుపులోనే నవ్వు కలిసింది.

"ముందు నన్ను బయటికి తియ్యండి! ముక్కు కారుతోంది, కొత్త గుడ్డ పాడైపోతుంది!"

తల్లి కళ్ళు తుడుచుకుని, కత్తెర జోలికే పోకుండా, మెడ సగం మూసుకుపోయేలా పొద్దున తనే కావాలని వేసిన కచ్చా కుట్టు దారాన్ని కొస పట్టుకుని సర్రున లాగేసింది.