మా అమ్మ వచ్చేదాకా ఆగండి

"గర్భసంచి తీసేస్తారా? ఎవరిని అడిగి?" అంటూ అతను ఆపరేషన్ గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

చిన్న డాక్టరమ్మ అతని ఎదుటికి వచ్చింది. "అడగడానికే వచ్చానండీ. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకోవాలి. ముడుచుకోవడం లేదు. ఇంజెక్షన్లిచ్చాం, లోపల బెలూన్ పెట్టాం, కుట్లు కూడా వేశాం. రక్తం ఆగడం లేదు."

"తొలి కాన్పమ్మా! మా ఆవిడ ఇంకా చిన్నపిల్ల. రేపు లేచి, నాకెందుకిలా చేయించావని అడిగితే నేనేం చెప్పను?"

"లేస్తే కదండీ అడిగేది!"

అనేశాక ఆమే నాలుక్కరుచుకుంది. మంచం కింద ఎర్రగా మడుగు కట్టింది. పెద్ద డాక్టరమ్మ మాత్రం గోడకానుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. సాయానికి రమ్మన్నట్టు చూస్తే తల పక్కకు తిప్పుకుంది. ఎంత రాతిగుండె!

"ఈ ఆపరేషన్ వల్ల ప్రమాదమేం లేదు కదా?" అన్నాడు అతను.

"ఉందండీ. మూత్రాశయానికి దెబ్బ తగలొచ్చు, రక్తం ఇంకా పోవచ్చు. కానీ చెయ్యకపోతే..."

"చూశారా, మీరే అంటున్నారు! మా అమ్మ బయల్దేరింది, దారిలో ఉంది. పెద్దావిడ, తనకన్నీ తెలుసు. తను వచ్చేదాకా ఆగండి. మీ కాళ్లు పట్టుకుంటాను." అన్నట్టే వంగాడు కూడా. ఇలా బతిమాలే మనిషిని కసరడం ఎవరి తరం?

"మేడమ్, నాడి అందడం లేదు!" నర్సు అరిచింది.

అంతే. చిన్న డాక్టరమ్మ అతని భుజం పట్టి పక్కకు తోసేసింది. "మీ అమ్మగారు వచ్చేసరికి ఈమె ఉండదు. తప్పుకోండి! సిస్టర్, ఇంకో రక్తం సంచి ఎక్కించండి. తీసేస్తున్నాం."

అతను గోడవారగా కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

పెద్ద డాక్టరమ్మ చప్పట్లు చరిచింది. "చాలు, ఆపండి. చేశావు గానీ ఆలస్యంగా చేశావమ్మా. అతనికి నచ్చజెప్పే పని ఇంకొకరికి అప్పగించి నువ్వు లోపలుండాలి. రెండో జట్టును పిలవండి."

నర్సు మంచం మీది రబ్బరు బొమ్మను తుడిచి, కింది రంగునీళ్లు ఎత్తిపోసింది. చిన్న డాక్టరమ్మ అతనికి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"నన్ను నిజంగానే హడలగొట్టేశారండీ! నాటకాలేస్తారా?"

"లేదమ్మా, బట్టలు కుడతాను."

"మరి ఆ మాటలన్నీ ఎవరు రాసిచ్చారు?"

అతను కళ్లు తుడుచుకుని, మళ్లీ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు.

"ఎవరూ రాయలేదమ్మా, నా భార్య పోయిన రోజు నేనన్నవే."