ఎడమచేతి హారతి

అమోఘ్ ఎడమచేత్తో హారతి ఇచ్చాడు.

గుడిలో గంట ఆగిపోయింది. ముందు వరుసలో కళ్ళు మూసుకున్నట్టు నిలబడ్డ సీనప్ప ఒక కన్ను తెరిచాడు. ఆయన గుడి కమిటీ అధ్యక్షుడు. దేవుడి మీద కంటే అర్చకుల మీదే ఆయన చూపెక్కువ.

“ఏం చిన్నయ్యవారూ, ఎడంచేత్తో ఇస్తాండారు? దేవునికి కుడి ఎడమ తెలీదనుకుంటిరా?”

“కుడిచెయ్యి కొంచెం పట్టింది సీనప్పా.”

పట్టడం కాదు, మోచేతి పక్కన ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంది. చెంబు ఎత్తితే నొప్పి. గడియ తీస్తే నొప్పి. మొన్న భక్తుల తల మీద శఠారి పెడుతుంటే చెయ్యి జారి, ఒక ముసలావిడ నెత్తిన ఠంగుమని పడింది. ఆవిడ అది ప్రత్యేక ఆశీర్వాదమనుకుని ఇంకో ప్రదక్షిణ చేసి పోయింది.

నొప్పికి కారణం బాగేపల్లి రోడ్డులో, టైర్ల షాపు పైన ఉన్న జిమ్. మధ్యాహ్నం గుడి తలుపులు మూశాక అమోఘ్ పంచె విప్పి, నిక్కరు తొడిగి, పిలకను టోపీ కింద దాచి అక్కడికి పోయేవాడు. ఎనిమిది నెలల్లో తొంభై కిలోలు ఎత్తేదాకా వచ్చాడు. నూరు ఎత్తాలని ఆత్రపడ్డాడు. మోచేయి ఒప్పుకోలేదు.

జిమ్ సంగతి నాన్నకు తెలిస్తే అంతే. నాన్న ఆదిశేషయ్యగారు ఆ గుడికి పెద్ద అర్చకులు. ఒకసారి టీవీలో కండల పోటీ కనబడితే రిమోట్ విసిరేశారు.

“గర్భగుడిలోకి పోయే ఒళ్ళురా ఇది. నువ్వు కూడా ఇట్ల ఇనుము పట్టుకుని ఎగిరితివా, గుడి తాళాలు మీ చిన్నాయన కొడుక్కి ఇచ్చేస్తా.”

మడి విషయంలో ఆయన అంత గట్టి మనిషి. రోజూ తెల్లవారుజామున అయిదింటికి స్కూటర్ మీద పూల మార్కెట్టుకు పోయి, ఆరున్నరకు చెమటతో తడిసి ముద్దయి వస్తారు. “అందరినీ తగిలినాను, దగ్గరికి రావద్దండి” అని అరుస్తూ నేరుగా స్నానాలగదిలోకి దూరతారు.

“గంట కొట్టీ కొట్టీ చెయ్యి పట్టేసింది నాన్నా” అని చెప్పాడు అమోఘ్.

ఆదిశేషయ్యగారు కొడుకు మోచేతిని ఒక్కచోట నొక్కారు. అమోఘ్ కెవ్వుమన్నాడు.

“అదీ. మోచేతికి రెండు వేళ్ళ కిందికి పట్టీ కట్టు. గంట పిడికి గుడ్డ చుట్టి లావుగా చెయ్యి, గట్టిగా పట్టుకోవద్దు. రథోత్సవానికి ఆరు వారాలుండాది. ఆ పొద్దు పెద్ద హారతి నువ్వే ఎత్తల్ల. ఎత్తలేకపోతే తాళాలు ఎవరికి పోతాయో తెలుసు గదా?”

పెద్ద హారతి అంటే అయిదంతస్తుల ఇత్తడి. అమోఘ్ మరునాడే చింతామణి బస్సెక్కాడు. సొంతూరు చిక్కబళ్ళాపురంలో చూపించుకుంటే సాయంత్రానికల్లా సీనప్పకు తెలిసిపోతుంది.

ఫిజియోథెరపిస్టు వినుత అడిగింది. “జిమ్మా?”

“గంట మేడమ్.”

ఆమె అతని అరచేతిలోని కాయలు చూసింది. “ఎన్ని కిలోల గంట?”

నిజం చెప్పేశాడు.

“కండను ఎముకకు పట్టే టెండన్ దెబ్బతినింది. ఆరు వారాలు బరువులు ముట్టద్దండి. ఒక్క కిలో పట్టుకుని, చెయ్యి తొడ మీద ఆనించి, మణికట్టు మెల్లగా కిందికి దించల్ల. మోచేతికి రెండు వేళ్ళ కిందికి పట్టీ కట్టుకోండి. పట్టుకునేవాటికి గుడ్డ చుట్టండి.”

“మా నాన్న కూడా అచ్చం ఇట్లే చెప్పినాడు మేడమ్.”

“ఆయప్ప డాక్టరా?”

“అర్చకులు.”

“పాతకాలం వాళ్ళకు అన్నీ తెలుసులెండి.”

తొంభై కిలోల వీరుడు లీటరు నీళ్ళ సీసాకు దిగాడు. రోజుకు మూడుసార్లు, గది తలుపు మూసుకుని. వాళ్ళమ్మ భాగీరథమ్మ ఒకనాడు చూసేసింది.

“ఏమిరా, సీసాకు జోల పాడతాండావా?”

బలానికి నైవేద్యం శనగల గుగ్గిళ్ళు తిందామంటే, అమోఘ్ వంటింట్లోకి వచ్చేలోపే గిన్నె సగం ఖాళీ అయి ఉండేది. ఎలుకల పనేనని భాగీరథమ్మ బోను పెట్టింది. ఏదీ పడలేదు.

రథోత్సవం వచ్చింది. వీధి నిండా జనం. సీనప్ప అందరికంటే ముందు నిలబడి అమోఘ్ చేతినే చూస్తున్నాడు. హారతి నేల మీద భగ్గున మండుతోంది. అమోఘ్ పిడి పట్టుకున్నాడు.

పక్కనే నిలబడ్డ ఆదిశేషయ్యగారు పెదవులు కదలకుండా అన్నారు. “ఊపిరి తీసుకో. నడుము వంచద్దు. కాళ్ళ బలంతో లెయ్.”

లేచాడు. ఎత్తింది కుడిచేత్తోనే. మోచేయి కిక్కురుమనలేదు. హారతి మూడు చుట్లు తిరిగింది. సీనప్ప తన జన్మలో మొదటిసారి రెండు కళ్ళూ మూసుకుని దండం పెట్టాడు.

నాన్న కళ్ళలో తడి చూసి అమోఘ్‌కు సిగ్గేసింది. ఇంత మంచి మనిషిని మోసం చేశానే అనుకున్నాడు. ఇక జన్మలో జిమ్ గడప తొక్కనని దేవుడి ముందు ఒట్టేసుకున్నాడు.

ఒట్టు నాలుగు రోజులు నిలిచింది.

మళ్ళీ మొదలుపెడితే ట్రైనర్ కళ్ళ ముందే ఎత్తమని వినుత చెప్పింది. ట్రైనర్ దేవరాజ్ ఉండేది పొద్దున బ్యాచ్‌లో మాత్రమే. అయిదో నాడు నాన్న స్కూటర్ వీధి మలుపు తిరిగాక, పది నిమిషాలు ఆగి, అమోఘ్ టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

దేవరాజ్ అతని మోచేతి పట్టీ చూసి నవ్వాడు. “భయపడద్దప్పా. పోయినేడు ఇదే నొప్పితో ఏడ్చిన సీనియర్ ఒకాయన ఈ బ్యాచ్‌లోనే ఉండాడు. ఇప్పుడు నూటపది ఎత్తుతాండాడు. ఎట్ల మొదలుపెట్టల్లో ఆయన్నే అడుగు, పో.”

అమోఘ్ మూల దాకా పోయి, అటు తిరిగి బార్ ఎత్తుతున్న మనిషి దాన్ని దించేదాకా ఆగి, “సార్” అని పిలిచాడు.

ఇటు తిరిగింది నాన్న.