కలిపేసిన ముక్క

నంద్యాల రోడ్ల డిజైన్ ఆఫీసులో షారోను, ఒక్కో చోట వెడల్పు వేరుగా ఇవ్వడానికి, కంప్యూటర్ మీద ఆళ్లగడ్డ రోడ్డు నక్షాను ముక్కలుగా విడగొడుతోంది. తండ్రి ఇమ్మానుయేలు ఆమె భుజం మీద చెయ్యేసి చూస్తున్నాడు.

"మీ తమ్మున్ని లారీ గుద్దింది ఇందులో యాడ, పాపా?"

"ఈడ, నాయనా. రుద్రవరం మలుపు."

"ఇప్పుడేం చేస్తాండావ్ ఆడ?"

"ఈ ముక్క వరకే వెడల్పు చేస్తాండా. మలుపు తిరిగే బండ్లు ఇంక ఎనకొచ్చే లారీలకు అడ్డం లేకుండా పక్కకు నిలబడతాయి."

"అప్పుడే ఇట్ల ఉండింటే వాడు బతికుండును. ఆ పాత రోడ్డు ఎవురు గీసినారో!"

మౌస్ మీద షారోను చెయ్యి ఆగిపోయింది.

"నేనే నాయనా. ఇంత చిన్న ముక్కకు వేరే వెడల్పు ఎందుకులే అని పక్కదాంట్లో కలిపేసినా."

ఇమ్మానుయేలు ఆమె భుజం మీది చెయ్యి మెల్లగా తీసేశాడు.

"మీ అమ్మకు చెప్పొద్దు."