బామ్మ కోసం నాలుగో దరఖాస్తు

మూడో దరఖాస్తు కూడా వీగిపోయింది. కాగితం మీద ‘తిరస్కరించడమైనది’ అన్న మాట చూసి మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

మేం అడిగిందేమైనా రాజ్యమా? ఒక ముసలి కుక్క. ఐదేళ్లుగా కుక్కల షెల్టర్లోనే పడి ఉంది. మూతి తెల్లబడింది, వెనక కాలు ఒకటి ఈడుస్తుంది. ఎవరొచ్చినా ముందు సణిగి, తర్వాతే పలకరిస్తుంది. అందుకే అందరూ దాన్ని బామ్మ అంటారు. మా ఆవిడ దాన్ని ఒక్కసారి చూసింది, అంతే, దానికో పరుపు కుట్టి ఇంట్లో సిద్ధంగా పెట్టేసింది. నాకైతే బామ్మ కనిపించని రోజు అన్నం సయించదు.

మొదటిసారి వచ్చిన అభ్యంతరం: ‘మూడో అంతస్తు. లిఫ్టు లేదు. కుక్క మెట్లెక్కలేదు.’ నిజమే కదా! ఇల్లు మారాం. కుక్క కోసం ఇల్లు ఖాళీ చేసే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా అని పాత ఇంటాయన నవ్వాడు. ఉన్నాడండీ, ఇదిగో బీరువా మోస్తున్నాడు అన్నాను.

రెండోసారి: ‘పగలంతా ఇంట్లో మనిషి ఉండరు.’ మా ఆవిడ దర్జీ. బజారులో కొట్టు ఎత్తేసి కుట్టుమిషన్లు రెండూ ఇంటికి తెచ్చేసింది. ఇప్పుడు హాల్లో నాలుగడుగులు వేయాలంటే ఎవరిదో ఒకరి చొక్కా తొక్కక తప్పదు.

మూడోసారి: ‘నున్నటి నేల. కుంటికాలు జారే ప్రమాదం.’

“ఆ పరిశీలకుడు నా కంటపడితేనా!” అంది మా ఆవిడ, కత్తెర ఆడిస్తూ.

“పడితే ఏం చేస్తావు?”

“గుక్కెడు మంచినీళ్లు కూడా ఇవ్వను.”

“నియమాలు అలా ఉన్నాయి మరి. ఆయన మాత్రం ఏం చేస్తాడు?”

“మీరు ఆయన్ని వెనకేసుకు రాకండి. నాకు ఒళ్లు మండుతోంది!”

ఇంటినిండా పీచు చాపలు పరిచాం. బామ్మ జారకూడదని వేసిన చాప అంచు తగిలి నేనే బోర్లా పడ్డాను. ముక్కు మీద పట్టీతోనే నాలుగో దరఖాస్తు రాశాను. ఈసారి వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. బామ్మ ఇక మాదే అనుకున్నాను.

షెల్టర్లో కుక్కలకు తిండి పెట్టే ఆయమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“సార్, గుట్టుచప్పుడు కాకుండా తీసుకుపోండి. నేను చూడనట్టే ఉంటా.”

“తప్పమ్మా. ఎవరికైనా ఒకటే పద్ధతి.”

“మీతో వేగలేం సార్!” అని గిన్నె ఠప్పున కింద పెట్టింది.

ఆమె తిట్టిందంటే తిట్టదూ మరి! నాది పుట్టుకతో వచ్చిన చాదస్తం. ఎదురుగా బస్సులేని రోడ్డు మీద కూడా అటూ ఇటూ రెండుసార్లు చూసి దాటే రకం.

ఆ మర్నాడే బామ్మ కోసం ఇంకో దరఖాస్తు వచ్చింది. స్కూలు బస్సు డ్రైవరు ఒకాయన పెట్టాడు. ఒకే కుక్కను ఇద్దరడిగితే ఎవరిల్లు దానికి నయమో వాళ్లకే ఇవ్వాలి, అదీ షెల్టర్ పద్ధతి. ఆ డ్రైవరు ఇంటికి వెళ్లాను. ఏదో ఒక లోపం దొరక్కపోతుందా అని సిగ్గు విడిచి మూలమూలా గాలించాను. మంచం కింద కూడా దూరాను.

ఏమీ దొరకలేదు. మెత్తటి మట్టి పెరడు, చెట్టునీడ. రోజంతా ఇంట్లోనే ఉండే డ్రైవరుగారి నాన్న. పెద్దాయన చేతికర్ర పట్టుకుని అడుగులో అడుగేస్తూ నడుస్తాడు.

ఆదివారం ఆ పెద్దాయన షెల్టర్‌కు వచ్చాడు. బామ్మ సణగలేదు. ఐదేళ్లలో అదే మొదటిసారి. లేచి ఆయన పక్కనే నడిచింది. ఆయన తొందరపడలేదు, అది వెనకబడలేదు. నేను గేటు దగ్గర నిలబడి, ముక్కు మీద పట్టీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ ఏడ్చేశాను.

తర్వాత కళ్లు తుడుచుకుని ఆఫీసు గదిలోకి వెళ్లి, నా కుర్చీలో కూర్చుని, నా నాలుగో దరఖాస్తును కూడా తిరస్కరించి, మొదటి మూడింటి కింద పెట్టినట్టే ‘పరిశీలకుడు’ అన్న చోట నా సంతకం పెట్టాను.