కల్వర్టు కాడ ఆగిన బండి

క్లచ్చుకు కేబుల్ లేని బండిని మసూద్ అంతవరకూ చూడలేదు.

సోమందేపల్లి హైవే పక్కన అతని మెకానిక్ షాపు. 2003 ఎండాకాలంలో ఒక మనిషి పెద్ద ఫారిన్ మోటారుసైకిల్‌ను తోసుకుంటూ, చెమటలు కక్కుతూ వచ్చాడు. బెంగుళూరు నెంబరు.

"క్లచ్ పడడం లేదు," అన్నాడు గొంతు తగ్గించి.

మసూద్ వంగి చూశాడు. హ్యాండిల్ నుంచి ఇంజను దాకా సన్నటి నల్ల గొట్టం. ఎక్కడో నూనె కారుతోంది.

"ఇదేం బండప్పా! కేబుల్ యాడ?"

"ఉండదు. నూనె తోస్తేనే క్లచ్ పడుతుంది. డిస్క్ బ్రేకు మాదిరి."

"ఇది మా వల్ల కాదు సార్. లారీకి ఎక్కించుకుని పో."

ఆ మనిషి కదల్లేదు. మూలన గోనెపట్ట మీద కూర్చున్న ముసలాయన వైపు చూశాడు.

"ఆయన చూడరా?"

మసూద్‌కు చురుక్కుమంది.

"మా నాయనకు కండ్లు లేవప్పా. పోయినేడు పోయినాయి."

గౌస్‌సాబ్ ఒకప్పుడు ఇంజను చప్పుడు విని రోగం చెప్పిన మనిషి. బెంగుళూరులో ఆపరేషన్ చేసినా చూపు నిలవలేదు. అప్పుడు షాపు మూయలేక మసూద్ ఆస్పత్రి గడప తొక్కలేదు. తోడు పోయింది వాళ్ళమ్మ మైమూనా. ఇంటికొచ్చినప్పటి నుంచీ గౌస్‌సాబ్ పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. 'నన్నెందుకురా షాపుకు తెస్తావు' అనడం తప్ప వేరే మాట లేదు.

"దీనికి కండ్లతో పనిలేదు," అన్నాడు ఆ మనిషి. "వేలు చాలు."

గౌస్‌సాబ్ తలెత్తాడు. ఆ గొంతు వచ్చిన వైపు చెవి తిప్పాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"బండి ఇట్ల తే."

గొట్టమంతా తుడిపించాడు. తన చూపుడువేలు పొడిగా తుడుచుకున్నాడు.

"క్లచ్ నొక్కప్పా."

వేలు గొట్టం వెంట మెల్లగా జరిగింది. ఇంజను దగ్గర, గొట్టాన్ని బిగించిన బోల్టు కాడ తడి తగిలింది.

"ఈడ!"

బోల్టుకు అటూ ఇటూ కొత్త రాగి వాషర్లు పడాలి. విచిత్రంగా అవి ఆ మనిషి జేబులోనే ఉన్నాయి. పోసే నూనె కూడా బ్యాగులోనే ఉంది. గౌస్‌సాబ్ తడుముకుంటూ వాషర్లు వేసి, బోల్టు బిగించి, నూనె పోయించాడు. గొట్టంలో చిక్కిన గాలిని సన్న ట్యూబు గుండా నూనె సీసాలోకి వదిలిస్తూ సీసాకు చెవి ఆనించాడు. బుడబుడలు ఆగేదాకా విన్నాడు.

"గాలంతా పోయె. ఇంక పో అబ్బా."

ఆ పూట గౌస్‌సాబ్ ఇంకో సంగటి ముద్ద అడిగి మరీ తిన్నాడు.

మరుసటి నెల ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తోసుకుంటూనే. మళ్ళీ అదే బోల్టు. ఆ పై నెలా అంతే. గౌస్‌సాబ్ గడ్డం గీయించుకుని, ఉతికిన టోపీ పెట్టుకుని, కొడుకు కంటే ముందే షాపుకు బయలుదేరుతున్నాడు.

మసూద్‌కు మాత్రం లోపల పురుగు తొలుస్తోంది. నాయన బిగించిన బోల్టు వదులవడం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మరి ఇదెందుకు వదులవుతోంది?

ఒకనాడు సామాన్లకు బెంగుళూరు పోయి బస్సులో వస్తున్నాడు. షాపుకు కొంచెం ఇవతల కల్వర్టు కాడ ఆ బండి కనబడింది. బస్సు ఆపించి దిగాడు.

ఆ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, అదే బోల్టుకు స్పానరు తగిలిస్తున్నాడు.

మసూద్‌కు ఒళ్ళు మండింది.

"కండ్లు లేనోనితో ఆటలాడుకుంటాండావా? ఊరికి పోయి దోస్తులకు చెప్పుకుని నగుతాండావా?"

ఆ మనిషి లేచాడు.

"తప్పయింది," అన్నాడు.

"మళ్ళా ఈ దావన కనపడితే బాగుండదు!"

ఆ మనిషి స్పానరు బ్యాగులో వేసుకున్నాడు. బండి తిప్పుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మసూద్ షాపుకు వచ్చేసరికి గౌస్‌సాబ్ వేలు తుడుచుకుని సిద్ధంగా కూర్చుని ఉన్నాడు.

"బండి చప్పుడు కల్వర్టు కాడికి వచ్చింది గదరా. ఈడికి రాలేదే?"

"ఇంక రాడు నాయనా. వాడే బోల్టు వదులు చేసి నీ కాడికి తెస్తాండాడు. తరిమేసినా."

గౌస్‌సాబ్ ఆశ్చర్యపోలేదు.

"మొదటి దినమే తెలుసు నాకు. క్లచ్ పోయిన బండి ఎగిరెగిరి పడి నిలబడతాది. ఆ దినం ఇది కల్వర్టు కాడ చెప్పినట్టు విని నిలబడింది."

"తెలిసీ ఊరకుంటివా?"

గౌస్‌సాబ్ తడవని వేలినే గుడ్డతో మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు.

"గొంతు తగ్గించుకుంటే మనిషిని గుర్తుపట్టలేననుకున్నాడు పాపం. నా కండ్ల కట్టు విప్పిన దినం, 'ఇంక ఈ వేళ్ళెందుకు సార్' అని నేనడిగితే, జవాబు చెప్పలేక నా చెయ్యి పట్టుకుని ఏడ్చిన డాక్టరురా ఆయన."